వదులు కట్టు

కంపెనీ జీపు ఇంటి ముందు ఆగీ ఆగకముందే దేముడమ్మ తిట్లు మొదలెట్టింది.

ఆమె తిట్టడంలో వింతేమీ లేదు. గవ్వలపేటలో ఎవరినడిగినా చెబుతారు, దేముడమ్మ ఎముకలు కట్టేది చేతుల్తో, నొప్పి తీసేది నోటితో అని. చెయ్యి విరిగి వచ్చినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాడి తాగుడు దగ్గర్నుంచి వాడి అత్తారింటి దాకా ఏకిపారేస్తుంది. వాడికి రోషం పొడుచుకొచ్చి నోరు తెరిచేలోపు లోపల ఎముక టక్కుమని సర్దుకుంటుంది. ఆ మీదట మినపపిండి, గుడ్డుసొన పట్టించిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పేర్చి కట్టేసి, "ఇంకెల్లు. మల్లీ ఇరగ్గొట్టుకుని వొచ్చినావంటే రెండోది నానే ఇరుస్తాను" అని పంపిస్తుంది. వాళ్ళమ్మ దగ్గర నేర్చిన పద్ధతది.

కానీ ఆ ఉదయం తిట్లు వేరు. వాటిలో మందు లేదు.

"ఏటమ్మీ, ఇంకేటి మిగిలిందని వొచ్చినావు? ఆడి రెండో కాలు కావాలా? పట్టుకుపో. మంచం మీదే ఉన్నాడు, పారిపోలేడులే."

జీపు దిగిన సౌదామిని చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడింది. కొండ మీద సముద్రానికి ఎదురుగా కట్టిన కంపెనీ ల్యాబులో ఆమె సైంటిస్టు. ముప్పై అయిదేళ్ళుంటాయి. తిట్లన్నీ తలొంచుకుని విని, ఆఖర్న అంది.

"మాకో కట్టు కావాలి, దేముడమ్మ గారూ."

"ఎవరికి?"

"మనిషికి కాదు. పడవకి."

లోపల మంచం మీద పడుకున్న తమ్ముడు, అందరూ కొండ అని పిలిచే అప్పలకొండ, ఆ మాట విని గట్టిగా నవ్వాడు. అది విన్నాక దేముడమ్మకి ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? ఆరేళ్ళ కిందటి సంగతి. అప్పలకొండ ఒడ్డున రాళ్ళ మీద జారి ముంజెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దేముడమ్మ కట్టింది. తొమ్మిదో రోజున కట్టు విప్పుకుని వల లాగాడు. ఊళ్ళో ఎవరికైనా నలభై రోజులు పట్టేది కొండకి చిన్నప్పట్నుంచీ తొమ్మిదే. పేటలో మెడికల్ క్యాంపు పెట్టినప్పుడు అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి ఇది ఎప్పుడో విరిగిందేమో అన్నాడు. దేముడమ్మ ఊరుకుంటుందా? "పాతదేటి బాబూ, మొన్న అమాసకి ఇరిగింది. మావోడి ఎముకంటే ఏటనుకున్నారు?" అని నలుగురిలో గొప్పలు పోయింది. నెల తిరక్కుండా, ఆ మాట చెవిన పడి, కంపెనీ వాళ్ళు పేటకొచ్చారు.

వాళ్ళ ఆలోచన తప్పు పట్టేది కాదు. కర్ర విరిగితే పొయ్యిలో పెట్టాలి, రేకు విరిగితే కరిగించాలి. ఎముక ఒక్కటే విరిగితే దానంతటది అతుక్కుంటుంది. పైగా ఎక్కడ బరువు ఎక్కువ పడితే అక్కడ తనే మందమవుతుంది. మరి చిన్న తెరచాప పడవలకి బూమ్‌ని ఎముకతో పెంచితే ఏం? బూమ్ అంటే తెరచాప అడుగు అంచుని పట్టుకుని అడ్డంగా ఉండే కర్ర. గాలి మారినప్పుడల్లా అటూ ఇటూ కొట్టుకుని ముందుగా విరిగేది అదే. సముద్రం మధ్యలో విరిగినా ఒడ్డుకి చేరేసరికి అతుక్కోవడం మొదలుపెట్టే బూమ్ ఉంటే కొనని వాడెవడు?

దానికి కొండ ఎముక కావలసి వచ్చింది. కాగితం మీద వేలిముద్ర వెయ్యడానికి వాడు తటపటాయిస్తే, వెళ్ళమన్నది దేముడమ్మే. "ఎల్లరా. ఎముకకి ఎముక పుడతాది, తరిగిపోద్దా ఏటి?" అంది. ముప్పై ఏళ్ళుగా ఎముకల్ని చర్మం పైనుంచి తడిమిన మనిషి. ఎముక మీద సన్నటి పొర ఒకటుంటుందనీ, కొత్త ఎముక పుట్టేది దాన్లోంచేననీ, అది గీకేస్తే ఆ చోటు గొడ్డుపోతుందనీ ఆమెకెవరు చెప్పారు? నాలుగుసార్లు కొండ ఎడమ మోకాలి కింద ఆ పొర గీక్కున్నారు. రెండు తుంటి ఎముకల్లోంచీ మూలుగ తోడుకున్నారు. జీవితాంతం నీ వైద్యం మాదేనన్నారు. ఆ మాట నోటితో అన్నారు కానీ కాగితంలో రాయలేదు.

పోయిన జనవరిలో కొండ ఎడమ కాలు పడవకీ జెట్టీకీ మధ్య నలిగింది. సరిగ్గా గీకిన చోటే విరిగింది. తొమ్మిది రోజులు పోయాయి, నలభై పోయాయి, ఏడు నెలలు పోయాయి. దేముడమ్మ కట్టు పట్టలేదు. పెద్దాసుపత్రిలో ఎముకకి బిగించిన ఉక్కు రేకూ పట్టలేదు, పైగా చీము పట్టింది. అక్కడి ఎముకల డాక్టరు ఇమ్మానుయేల్ గారు ఈ నెల ఇరవై రెండున మోకాలి కింద కాలు తీసెయ్యాలని తేదీ రాసిచ్చాడు. ఈ రోజు ఎనిమిది.

ఈ మధ్యలో దేముడమ్మ కంపెనీ గేటు దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది. వాడి ఎముక మీ దగ్గర గదుల నిండా పెరుగుతోంది కదా, ఓ ముక్క వాడికే పెట్టమని అడిగింది. ఆ కణాలు ఇప్పుడు కంపెనీ పేరు మీద ఉన్నాయన్నారు. పైగా వాటిని మార్చేశాం, ఇంక మనిషికి పనికిరావు అన్నారు. రెండోసారి కుర్చీ కూడా వెయ్యలేదు.

ఇప్పుడు ఆ కంపెనీ జీపు ఆమె గుమ్మంలో ఉంది.

"రాను పో," అంది దేముడమ్మ. తలుపు వెయ్యబోయి ఆగింది. "అయినా ఏటయిందా పడవకి?"

ఇదీ ఆమె జబ్బు. ఎముక విరిగిందంటే చూడకుండా ఉండలేదు.

*

ల్యాబు షెడ్డులో చిన్న తెరచాప పడవ ఒకటి బల్లల మీద ఎత్తి ఉంది. తెరచాప తీసేసి బూమ్‌ని విడిగా రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టారు. పదడుగుల పొడవు, పాల మీగడ రంగు, పైన పల్చటి తొడుగు. ఒక చివర సన్నటి గొట్టం గుచ్చి ఉంది. అందులోంచి తేనె రంగు ద్రవం లోపలికి పారుతోంది. అదే దాని తిండి. పడవ నీళ్ళ మీద ఉన్నప్పుడు సీటు కింది తొట్టిలోంచి అందుతుందట.

మధ్యకి కొంచెం ఇవతల, లాగుడు తాడు కట్టే చోట, ఉక్కు పట్టీలతో బిగించిన పెద్ద కట్టు ఉంది.

"గాలి తిరిగినప్పుడు కొట్టుకుని పగిలింది. నాలుగు వారాలైంది," అంది సౌదామిని. "మేం బిగించాం. పట్టలేదు. ఆదివారం విదేశాల నుంచి కొనేవాళ్ళు వస్తున్నారు. ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. ఈ పడవ నడిచి చూపించాలి."

దేముడమ్మ చీర కొంగు నడుముకి దోపి, బూమ్ మీద చెయ్యి వేసింది. వేడిగా ఉంది. జ్వరం వేడి కాదు, మామూలు మనిషి ఒంటి వేడి. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని, మళ్ళీ వేసింది.

"ఎవడు బిగించాడిది?" అని అరిచింది. "ఊపిరాడొద్దా దానికి? ఎముక కదలాలి. ఆవగింజంత కదలాలి. కదిలితేనే దానికి ఇరిగినానని తెలుస్తాది. ఇంతింత సదువులు సదివారు, పందిరి గుంజకి బిగించినట్టు బిగించారు. మీ ఎముకలకి ఇలాగే బిగిస్తే తెలుసును!"

షెడ్డులో ఉన్న నలుగురు తెల్లకోటు వాళ్ళూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆమె బూమ్‌ని కూడా వదల్లేదు. కళ్ళు మూసుకుని విరిగిన చోటు తడుముతూ దాన్నీ తిట్టింది. "సిగ్గులేదా? కూకున్న సోట తిండి పెడతన్నారు కదా. పడుకుని తింటన్నావు. మావోడు నీకంటే ముందు..."



సౌదామిని పక్కకి వచ్చి మెల్లిగా అంది. "మిగతా బూమ్‌లైతే మీదాకా రానక్కర్లేదమ్మా. వాటిల్లో కణాలు మార్చాం, సన్నటి తీగలు పెట్టాం, కరెంటు ఇస్తే అతుక్కుంటాయి. ఇది మొదటిది. దీంట్లో ఏ మార్పూ లేదు. కొండ గారి దగ్గర తీసింది తీసినట్టే పెంచాం. అలాంటిది ఇదొక్కటే మిగిలింది."

దేముడమ్మ కళ్ళు తెరిచింది. వేళ్ళు బూమ్ మీద అలాగే ఉన్నాయి.

"ఏ మార్పూ లేదా?"

"లేదు."

ఆ తరవాత ఆమె ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఎల్లుండి సరంజామాతో వస్తానని చెప్పి, జీపు వద్దని, ఎండలో నడుచుకుంటూ కొండ దిగిపోయింది.

*

నడిచింది ఇంటికి కాదు, పెద్దాసుపత్రికి. ఇమ్మానుయేల్ గారు ఓపీలో ఉన్నాడు. ఇద్దరికీ పాత పరిచయం. ఆమె చేతిలో చెడిన కేసులు తన దగ్గరికి వస్తాయని ఆయన తిడతాడు. ఆయన దగ్గర చెడినవి తన దగ్గరికి వస్తాయని ఆమె తిడుతుంది.

"డాక్టరు బాబూ, మావోడి కాలు నిలబడాలంటే ఏటి కావాలో మల్లీ ఓసారి సెప్పు."

"ఎన్నిసార్లు చెప్పనమ్మా? వాడి సొంత ఎముక కావాలి. బతికున్నది, పొరతో సహా. చెడిన చోటు తీసేసి అది పెట్టాలి. మూడంగుళాలైనా కావాలి. వాడి తుంటి గుల్ల చేసి పెట్టారు, నేనెక్కణ్ణించి తెచ్చేది?"

"అది ఎక్కడ పెరిగినా పరవాలేదా?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "వాడి ఎముక వాడి ఒంట్లో కాక ఇంకెక్కడ పెరుగుతుంది?"

మూడంగుళాలు ఎంతుంటుందో వేళ్ళతో కొలిచి చూపించమంది దేముడమ్మ. ఆయన చూపించాడు.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే కొండ మంచం మీద లేచి కూర్చున్నాడు. మామూలుగా నెమ్మదస్తుడు. అప్పట్లో ఆ బూమ్ పెట్టిన మొదటి పడవని సముద్రంలోకి తీసుకెళ్ళి నడిపించింది కూడా వాడే. దిగి వచ్చాక, నా చెయ్యే నాకంటే ముందు గాలిని పట్టుకున్నట్టుంది అప్పా అని అక్కతో చెప్పి సంబరపడ్డాడు. ఇప్పుడు వాడి మొహం నల్లబడిపోయింది.

"నాకు అతకని ఎముక ఆల్ల పడవకి అతకాలా? నువ్వెల్లి అతుకుతావా? కాలు పోతే పోనీ. ఆల్ల గుమ్మం తొక్కమాకు."

"నోర్ముయ్యి! పోనీ అనడానికి నీదా కాలు?"

"నాది కాక ఎవరిది?"

"నాది! నా మాట ఇని ఏలిముద్ర ఏసినావు. తరగదని సెప్పిన ముండని నాను. మూడొందల ఎముకలు కట్టినానని ఇర్రవీగి, నా తమ్ముడి ఎముక నానే ఆల్ల నోట్లో పెట్టినాను. ఆల్లని తిట్టినప్పుడల్లా నన్ను నానే తిట్టుకుంటన్నాను, తెలస్తందా నీకు?" అని గొంతు చించుకుని అరిచి, అక్కడే గోడకి జారగిలబడి ఏడ్చింది.

"ఎలా తెస్తావు మరి?" అన్నాడు కొండ. "బూమ్ ఇరుస్తావా?"

"ఇరిస్తే సచ్చిన ముక్క వొస్తాది. ముసిలి ఎముక అది, ఆరేళ్ళది. కొత్తది కావాలి. నానే పుట్టిస్తాను."

"ఎలా?"

"ఎదవ కట్టు కట్టి."

*

ఎముకలు కట్టేవాళ్ళకి బొడిపె అంటే చచ్చేంత సిగ్గు. కట్టు వదులైతే విరిగిన ముక్కలు లోపల కదులుతాయి. ఆవగింజంత కదిలితే మంచిది. శనగ్గింజంత కదిలితే ఎముక భయపడిపోయి, అవసరానికి మించి కొత్త ఎముక పోసుకుంటుంది. పైన గడ్డలా లేస్తుంది. లోపల అతుక్కుంటుంది కానీ పైకి జీవితాంతం బొడిపె కనిపిస్తూనే ఉంటుంది. అది చూసిన ప్రతివాడూ ఎవరు కట్టారని అడుగుతాడు. దేముడమ్మ వాళ్ళమ్మ ఒకసారి అలాంటి బొడిపె వచ్చిందని వారం రోజులు గుమ్మం దాటలేదు. దేముడమ్మ కట్టిన వాటిల్లో ఒక్క బొడిపె కూడా లేదు. అది ఆమె ఒకే ఒక్క గర్వం.

పదో తారీకున ఆమె ఉక్కు పట్టీలన్నీ ఊడదీయించింది. తొడుగు ఆ మేరకి కోసి తియ్యమంది. లోపల క్రిములు చేరతాయని వాళ్ళు గోల పెడితే, మీ మందునీళ్ళతో నా చేతులూ గుడ్డా బద్దలూ అన్నీ కడగండి, పిండీ సొనా మానేస్తాను అంది. కడిగారు. విరిగిన చోటు సర్దింది. గుడ్డ చుట్టింది. బద్దలు పేర్చింది. తాడు బిగించే చోట చెయ్యి అలవాటు కొద్దీ బిగించబోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, చెయ్యి మాట వినలేదు. మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టింది. నాలుగోసారికి కావలసినంత వదులు కుదిరింది.

సౌదామిని పక్కనే నిలబడి చూస్తోంది. ఆమె పిచ్చిది కాదు.

"కొంచెం వదులుగా ఉందేమో కదమ్మా?"

"కట్టేది నువ్వా నానా?"

సౌదామిని ఆమె మొహం వైపు చూసింది, బూమ్ వైపు చూసింది, ఆ మీదట కొలతల పుస్తకంలో ఏమీ రాయకుండా మూసేసింది. ద్రవం పారే గొట్టం మర మాత్రం ఇంకో చుట్టు తిప్పి ఎక్కువ పారేలా చేసింది.

రోజుకోసారి దేముడమ్మ కొండెక్కేది. బూమ్‌కి అటూ ఇటూ రెండు చేతులూ వేసి కొంచెం ఊపేది. లోపల ముక్కలు కదిలిన చప్పుడు ఆమె వేళ్ళకి తెలిసేది. మనిషికైతే ప్రాణం పోయేంత నొప్పి. దీనికి నోరు లేదు. ఊపిన ప్రతిసారీ ఆమెకి కొండ చిన్నప్పటి మొహం గుర్తొచ్చేది. ఇంటికొచ్చి అన్నం వండి, కొండ కాలికి చీము తుడిచి మందు వేసేది. ఆ కాలు రోజురోజుకీ చల్లబడుతోంది.

*

పంతొమ్మిదో తారీకు. కట్టు విప్పే రోజున కంపెనీ పెద్దాయన పరాంకుశం గారు స్వయంగా వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. ఎవరితోనూ గొంతు పెంచడని ఆయనకి పేరు.

దేముడమ్మ బద్దలు తీసింది. గుడ్డ విప్పింది.

బూమ్ మీద కొబ్బరికాయంత బొడిపె లేచి ఉంది. గులాబీ రంగు, తడి, పైన నిగనిగలాడే సన్నటి పొర. తెల్లకోట్లలో ఎవరో అబ్బా అన్నారు.

"ఇదేంటమ్మా?" అన్నాడు పరాంకుశం.

"కొత్త ఎముక. లోపల అతుక్కుంది, ఊపి సూసుకోండి. పైదంతా దండగది. నానే కోసి నున్నగా సేసిస్తాను. ఆదివారం మీ పడవ నడుస్తాది. కోసింది నాకియ్యండి."

"ఎందుకు?"

అబద్ధం చెప్పొచ్చు. దారంతా ఒకటి అల్లుకుని వచ్చింది కూడా. తీరా ఆ మెత్తటి మొహం చూశాక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మా తమ్ముడి కాలికి పెట్టడానికి. ఎల్లుండి పొద్దు పోతే అవతలెల్లుండి కాలు తీసేస్తారు."

పరాంకుశం నిజంగానే బాధపడ్డట్టు తల పంకించాడు. "కుదరదమ్మా. ఇక్కడ పెరిగిన జీవకణం ఏదీ బయటికి పోకూడదు. కోసిన ముక్కల్ని కొలిమిలో కాల్చెయ్యాలి. రూలు."

"కాల్చేస్తారా?"

"అవును."

"బుగ్గి సేసేదే కదా బాబూ. ఇస్తే నీకేటి పోయింది?"

"ఈ రోజు ఇది మీకిస్తే, రేపు మిగతాదంతా ఎవరిదని అడుగుతారు. ఆ ప్రశ్న రాకూడదు."

చూడండి, ఆయన అబద్ధమాడలేదు. అదే ఆమెకి పుండు మీద కారం చల్లినట్టయింది.

"ఎవరిదనా?" దేముడమ్మ గొంతుకి షెడ్డు రేకులు అదిరాయి. "అడగరా, అడుగు! ఎవరిదో నాను సెప్తాను. మా అమ్మ కన్నాది, నాను ఎత్తుకు తిప్పినాది! గంజి తాగి పెరిగిన ఎముకరా అది, నీ తొట్లో నీల్లు తాగి కాదు. నాలుగుసార్లు ఆడి కాలు గీకినప్పుడు రాలేదా రూలు? తుంటి గుల్ల సేసినప్పుడు రాలేదా? గేటు కాడికి వొస్తే కుర్సీ ఎయ్యలేదే, నీ పడవ ఇరిగితే జీపు పంపినావే! పడవ కుంటిదైతే నీకు నిద్దర పట్టదు, మనిషి కుంటోడైతే రూలా? కాల్సేస్తావా? నా సేతిలో ఉన్నది పట్టుకుని కాల్సు సూద్దాం!"

వెదురు బద్దలు కోసే సన్నరంపం ఆమె సంచిలోనే ఉంది, పొద్దున అన్నిటితోపాటు మందునీళ్ళలో కడిగింది. ఎడమచెయ్యి బొడిపె మీద ఆనించి కోత మొదలెట్టింది. పరాంకుశం కాపలావాళ్ళని కేకేశాడు. ఆయన గొంతు పెంచగా అక్కడెవరూ అంతవరకూ వినలేదు. ఇద్దరు వచ్చారు కానీ, రంపం పట్టుకున్న ఆ మనిషి మీద చెయ్యి వెయ్యడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

బొడిపె ఊడి ఆమె అరచేతిలోకి వచ్చింది. వెచ్చగా ఉంది. ఆమె గబగబా వెంట తెచ్చుకున్న చేపల ఐసు డబ్బా మూత తీసింది.

"ఐసులో వద్దు!" సౌదామిని అడ్డం వచ్చింది. "చచ్చిపోతుందమ్మా. దీంట్లో." ఆమె చేతిలో తేనె రంగు ద్రవం నింపిన వెడల్పాటి సీసా ఉంది. ఎప్పుడు సిద్ధం చేసిందో మరి.

"సౌదామినీ," అన్నాడు పరాంకుశం. "ఆ మూత తీశావంటే రేపట్నుంచి రానక్కర్లేదు."

సౌదామిని మూత తీసింది. "నాలుగుసార్లూ ఆయన కాలు గీకింది నేనే సార్," అంది.

బొడిపెని సీసాలో వేసి అందుకున్న దేముడమ్మకి, ఆ మాట విని ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. చేతుల్లో సీసా ఉంది కాబట్టి కొట్టలేదు. ఒక్క చూపు చూసి బయటికి నడిచింది. గేటు దగ్గర కాపలావాడు, రెండేళ్ళ కిందట ఆమె చేత జబ్బ కట్టించుకున్నవాడు, ఫోన్లో ఎవరో ఆపమని అరుస్తుంటే వినపడనట్టు గేటు తెరిచాడు.

*

సీసా చూసి ఇమ్మానుయేల్ గారు కుర్చీలో కూలబడ్డాడు. అంతా విని, "నా ఉద్యోగం ఊడగొట్టడానికే పుట్టావమ్మా నువ్వు," అన్నాడు. "ల్యాబులో పెరిగింది మనిషికి పెట్టడానికి ఏ అనుమతీ లేదు."

"దొంగసొత్తు కాదు బాబూ. ఆడిదే."

ఆయన రెండు రోజులు పరీక్షలు చేయించాడు. క్రిముల్లేవు. రక్తంతో పోల్చి చూస్తే కొండ ఎముకే, వెంట్రుకవాసి తేడా లేదు. ఇరవై రెండున, కాలు తియ్యడానికి రాసిన వేళకే, అదే బల్ల మీద, ఆయన కాలు తియ్యకుండా ఆ ముక్క పెట్టి కుట్టాడు. అనుమతి కాగితంలో ఎముక ఎక్కడిది అన్న చోట 'రోగి సొంతం' అని రాశాడు.

తొమ్మిది రోజులకి అతుక్కోలేదు. ఆ ముచ్చట ఇంక లేదు. చీము ఆగడానికే నెల పట్టింది. ఒకసారి జ్వరం వచ్చి అంతా పోయిందనుకున్నారు. పదకొండు వారాలకి ఎక్స్‌రేలో సన్నటి తెల్లగీత కనబడింది. కాలు అంగుళం పొట్టయింది. కొండ చంకలో కర్ర పెట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేసేవాడు, గుమ్మం దాటేవాడు కాదు. బయట మాత్రం, దేముడమ్మ కట్టు బొడిపె తేలిందట అన్న మాట చుట్టుపక్కల పేటలన్నీ తిరిగింది. ఆమె దగ్గరికొచ్చే జనం సగమయ్యారు. సౌదామిని ఉద్యోగం పోయింది. ఒకసారి కొండని చూడడానికి వస్తే దేముడమ్మ మంచినీళ్ళిచ్చింది, కూర్చోమనలేదు.

డిసెంబరులో ఒక ఉదయం కోర్టు అమీనా నోటీసు పట్టుకొచ్చాడు. పెద్దవయసు మనిషి, ఇసకలో నడిచి నడిచి అలిసిపోయాడు. ఇద్దరికీ చదువు రాదంటే తనే పైకి చదివాడు. చదువుతూ చదువుతూ ఆయన మొహమే ముడుచుకుపోయింది. కంపెనీకి చెందిన సజీవ ఆస్తి, పొడవు మూడున్నర అంగుళాలు, ప్రతివాది అప్పలకొండ ఎడమ మోకాలి కింద అక్రమంగా ఉన్నదట. దాన్ని స్వాధీనం చేసుకోవడానికి కంపెనీ దావా వేసిందట.

"స్వాధీనమా!" దేముడమ్మ చేటలోని బియ్యం విసిరి లేచింది. "కత్తి తెచ్చుకోమను! ఆ తెల్లసొక్కాని రమ్మను, ఆడి సేత్తో ఆడినే కొయ్యమను! నా ప్రాణం ఉండగా..."

"ఉండమ్మా, నన్నెందుకు తిడతావు, నేను నోటీసు మనిషిని," అన్నాడు అమీనా. "ఇంకో ముక్క ఉంది. కేసు తేలేవరకూ సదరు ఆస్తిని ప్రస్తుతం ఉన్న చోటు నుంచి కదిలించరాదు."

మంచం మీద కూర్చున్న కొండ తలెత్తాడు.

"మల్లీ సదువు బాబూ."

"కదిలించరాదు."

కొండ లేచాడు. చంక కర్ర అందుకోబోయి మానేశాడు. గోడ పట్టుకున్నాడు, గోడ అయిపోయాక తలుపు పట్టుకున్నాడు, తలుపు కూడా అయిపోయాక దేన్నీ పట్టుకోలేదు. గుమ్మం దిగాడు. ఎడమ పక్కకి ఒరిగిపోతూ, పళ్ళు బిగించి, అమీనాని దాటి, ఎండబెట్టిన వలల్ని దాటి, తిన్నగా నీళ్ళ దగ్గరున్న పడవల వైపు నడవసాగాడు. పేటలో జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

దేముడమ్మ అమీనా జబ్బ పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది. ఆమె కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి, గొంతులో కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

"కలం తియ్యి బాబూ," అంది. "కదుల్తంది. సూసింది సూసినట్టు రాసుకో."